పేరు తప్పిన సీను

సినిమా హాల్లో ఆపరేటరుగా చేసినవాడు కావలసినన్ని సినిమాలు చూసి ఉంటాడని మీరనుకుంటారు. నిజానికి అతను చూసేది మిషను. కార్బన్ కడ్డీల మంట చూస్తాడు, రీలు ఎక్కడ తెగుతుందోనని చూస్తాడు, రెండో మిషను మీదికి మార్చే వేళయిందా అని చూస్తాడు. విజయనగరంలో ఒక పాత హాలు పై గదిలో నా ఉద్యోగం చాలామటుకు అలాగే గడిచింది. గోడకున్న చిన్న కన్నంలోంచి నాకు తెర కంటే జనం తలలే బాగా కనిపించేవి. తలలు కదలకుండా ఉంటే సినిమా ఆడుతుందనేవాణ్ణి, అటూ ఇటూ తిరుగుతుంటే రీళ్ళ పెట్టె సర్దుకోవచ్చనేవాణ్ణి. అంతకు మించిన విమర్శ నాకు రాదు.

రెండు వేల పది దాటాక హాళ్ళన్నీ ఒక్కొక్కటే డిజిటల్ అయిపోయాయి. రీళ్ళ పెట్టెలు బస్సుల మీద రావడం ఆగిపోయింది. ఎవరో వచ్చి బటను నొక్కితే బొమ్మ పడుతోంది. నన్ను మానేయమని ఎవరూ అనలేదు గానీ, పై గదిలో నాకు కుర్చీ తప్ప పనంటూ లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే మా ఓనరు చిన్న సినిమాలు తీసుకుని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆడించే వ్యాపారం మొదలుపెట్టాడు. అది దయ్యాల కాలం. ఒక పాడుబడ్డ బంగళా, నలుగురు కాలేజీ కుర్రాళ్ళు, జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి దొరికితే చాలు, ఎవరో ఒకరు సినిమా తీసేసేవారు. ఆ డీవీడీలన్నీ మా ఆఫీసు బల్ల మీదికి చేరేవి. ఓనరు పులిలాంటి మనిషి. హాలు ముందు కొట్లాట జరిగితే లుంగీ ఎగ్గట్టి మధ్యలోకి దూకేవాడు. అలాంటివాడు దయ్యం సినిమా ఒంటరిగా చూడలేడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఆ డీవీడీలన్నీ ఒక సంచిలో వేసి నా చేతికిచ్చాడు.

"ఆపరేటరూ, ఇయి ఇంటికి పట్టుకెల్లి సూడు. ఆడతాదో ఆడదో సెప్పు సాలు. కతా గితా నాకొద్దు."

అలా నేను నా ఉద్యోగ జీవితం చివరి కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని దయ్యాల మంచిచెడ్డలు తేల్చాను. ఇప్పుడు మీరు ఫోనులో సగం చూసి నక్షత్రాలు ఇచ్చేస్తున్నారు. మాకు నక్షత్రాలు లేవు. మా ఇంటి టీవీ, మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో చేట, ఇవే నా కొలతలు.

మా ఆవిడ ముందే షరతులు పెట్టింది. మంగళవారం, శుక్రవారం ఇంట్లో దయ్యం సినిమా పడకూడదు. దీపం పెట్టాక అసలే కుదరదు. దాంతో నేను ఈ సినిమాలన్నీ మిట్టమధ్యాహ్నం, వీధిలో ఉల్లిపాయల బండివాడు అరుస్తుండగా చూశాను. ఆవిడ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఆవిడ చెయ్యి ఆగితే సినిమాలో ఏదో ఉన్నట్టు. ఆగకుండా రాళ్ళు ఏరుతూనే ఉంటే, ఆ పూట అన్నం శుభ్రంగా ఉండేది గానీ సినిమా పోయేది.

నాకు సొంతంగా ఒక పరీక్ష ఉండేది. భయపెట్టే చోటు రాగానే టీవీ సౌండు తీసేసేవాణ్ణి. అప్పటికీ భయమేస్తే బొమ్మలో దయ్యం ఉన్నట్టు, వెయ్యకపోతే స్పీకర్లో ఉన్నట్టు. చాలా సినిమాల్లో దయ్యం స్పీకర్లోనే కాపురం ఉండేది. భీమిలి వైపు ఏదో బంగళా ఒకటి సినిమా తర్వాత సినిమాలో కనిపించేది, గోడల రంగు మాత్రం మారేది. ఆ ఇంట్లో చచ్చిన ఆడవాళ్ళందరికీ మా ఆవిడ చుట్టరికం కలిపేసింది. "పాపం, ఇది మొన్నటిదాని తోటికోడలు కావాల" అనేది.

మా ఆఫీసులో బుకింగు గుమస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన ఏ సినిమా చూడడు, పోస్టరు చూసి జాతకం చెబుతాడు. నా మాటా ఆయన మాటా ఎప్పుడూ కలిసేవి కావు. ఒక సినిమా చూసి నేను, దయ్యం వస్తే నవ్వొస్తోంది, వద్దన్నాను. ఆయన సాలూరులో వేయించాడు. లోడు లేక ఆగిపోయిన లారీల డ్రైవర్లు, క్లీనర్లు అందరూ గుంపుగా వచ్చి, దయ్యం వచ్చినప్పుడల్లా కుర్చీలు విరిగేలా నవ్వి, మర్నాడు ఇంకో గుంపును తెచ్చారట. "మనుసులు నవ్వడానికి కూడా డబ్బులిస్తారు ఆపరేటరూ" అన్నాడు గుమస్తా.

ఇలా నడుస్తుండగా శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి ఒక సినిమా వచ్చింది.

తీసిన కుర్రాడు విజయనగరంలోనే చదువుకుని, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడి దగ్గర పని నేర్చుకున్నాడు. చేపల వేట మీద బతికే కుటుంబం. స్వయంగా ఇంటికొచ్చి డీవీడీ ఇచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "మా పల్లిలోనే తీసినాం బాబాయ్. అందరూ మావోల్లే. సౌండు కొంచెం ఎచ్చుతగ్గులుంటాది, సముద్రం కదా, ఆగమంటే ఆగదు" అన్నాడు. నన్ను బాబాయ్ అని ఎందుకు పిలిచాడో తెలియదు. నాకు మాత్రం బాగుంది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టాను. కథ చిన్నది. వేటకు వెళ్ళి తిరిగిరాని ఒకతను సాయంత్రం అయ్యేసరికి ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంటాడు. బట్టలు తడిసి ఉంటాయి, నోట మాట ఉండదు. ఊరంతా హడలిపోతుంది. తల్లి మాత్రం హడలదు. తలుపు తీసి, కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది. అతను తినడు. ఆమె లేవదు. చివరికి ఊరి పెద్దలు గడ్డితో మనిషి బొమ్మ చేసి ఒడ్డున కర్మ చేస్తే, అతను నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతాడు. అంతే సినిమా.

వేషాలేసినవాళ్ళు కొందరు కెమెరాకేసి చూస్తున్నారు. ఒకచోట మేక అడ్డొచ్చింది. మాటల మీద కెరటాల హోరు. అయినా మా ఆవిడ చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. సౌండు తీసి చూశాను. ఆ తల్లి అన్నం కలిపి ముద్ద చేత్తో పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అది భయం కాదు. ఏమిటో నాకూ తెలియలేదు.

ఒక తప్పు మాత్రం పట్టుకున్నాను. సినిమా అంతటా పోయినవాడికి ఒక పేరుంది. చివర కర్మ చేసేటప్పుడు ఊరిపెద్ద వేషం వేసిన ముసలాయన వేరే పేరు చెప్పి పిలుస్తున్నాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ మాట వినగానే, అన్నం పెట్టిన తల్లి చటుక్కున లేచి కెమెరాలోంచి తప్పుకుని నడిచిపోతుంది. ఆ షాటు కూడా సరిగ్గా కుదరలేదనుకున్నాను. కుర్రాడికి ఫోను చేశాను.

"బాబూ, సినిమాలో సరుకుంది. ఒక చిన్న పొరపాటు జరిగింది. చివర ఆ పెద్దాయన వేరే పేరేదో అన్నాడు. డబ్బింగులో సరిచేసేయ్."

 

"పొరపాటు కాదు బాబాయ్" అన్నాడు. "అది మా అన్న పేరు."

ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చి మొత్తం చెప్పాడు. ఈసారి కూర్చున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు వాళ్ళన్న వేటకు వెళ్ళి తిరిగిరాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అలాంటప్పుడు వాళ్ళలో కొన్నాళ్ళు చూసి, గడ్డిబొమ్మకు కర్మ చేసి, ఇంట్లోవాళ్ళంతా నీళ్ళు వదులుతారు. తల్లి ఒప్పుకోలేదు. కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున ప్రాణాలతో తేలినవాళ్ళున్నారు, పరాయి దేశం జైల్లో పడి ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళున్నారు. తనవాడూ వస్తాడంది. ఆమె మాట పిచ్చిమాట అనడానికి లేదు. అందుకే ఎవరూ గట్టిగా ఎదురు చెప్పలేకపోయారు.

"మరి మీ వదిన?" అంది మా ఆవిడ.

అసలు గొడవ అక్కడే ఉంది. వదినకు ఇరవై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, కన్నవాళ్ళు తీసుకెళ్తామంటున్నారు. కర్మ కాకపోతే ఆమె ఇంకా పెళ్ళాం కిందే లెక్క. అత్తను వదిలి వెళ్ళడానికి ఆమెకు కాళ్ళాడవు, ఉండిపోతే బతుకు ముందుకు సాగదు. అత్తంటే ఆమెకు ప్రాణం, అత్తకు ఆమె అంటే అంతకన్నా ఎక్కువ. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తుకోకుండా ఒకే చూరు కింద తిరుగుతున్నారు.

"సినిమా వంకతోటి ఆ కర్మ ఒకసారి కళ్ళారా సూపిస్తే, మాయమ్మ మనసు మెత్తబడతాదేమోననుకున్నాను బాబాయ్. అమ్మనే వేషం వెయ్యమన్నాను. యాక్టింగే కదా అనీసి ఒప్పుకుంది."

ఊరిపెద్ద వేషం వేసింది నిజంగా ఆ ఊరి పెద్దే. ఇలాంటి కర్మలు ఎన్నో చేయించినవాడు. కుర్రాడు ఆయనకు సినిమాలో పేరు పదిసార్లు చెప్పి, వల్లె వేయించాడు. కెమెరా తిరిగింది. ముసలాయన దర్భలు చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని, అసలు పేరే పిలిచాడు. తల్లి లేచి సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయింది. కుర్రాడికి కెమెరా ఆపడం కూడా తోచలేదు.

"తరవాత ఆ తాతనడిగినాను, ఏల అలగ సేసినావూ అని. తాతేటన్నాడో తెల్సా బాబాయ్? 'లేని మనిసి పేరు సెప్పి నీల్లొదిల్తే, ఆ నీల్లు ఎవులికెల్తాయిరా? నాకు అలగ రాదు' అన్నాడు."

తన వంతు కర్మ తాను నిజంగానే చేసేశానని ఆ పెద్దాయన ఊళ్ళో తేల్చి చెప్పాడట. తల్లి నీళ్ళు వదల్లేదు కాబట్టి అది సగంలో ఆగిందన్నాడట. ఊరు రెండుగా చీలిపోయింది. అయిపోయినట్టే అని సగంమంది, సినిమా కోసం చేసింది చెల్లదని సగంమంది. తల్లి ఆ రోజు నుంచి ముసలాయనతో మాట్లాడడం మానేసింది. కొడుకుతో సినిమా ఊసే ఎత్తదు.

ఇటు మా ఓనరుకు నేను సరుకుందని చెప్పేశాను. ఆయన ఉత్సాహం ఆగడం లేదు. "పేరు మార్పించీ. ఆ ముసిల్ది లేసిపోయిన ముక్క కత్తిరించి, దయ్యం అరుపొకటి పెట్టమను. సెంటర్లన్నీ నాను సూసుకుంటాను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన అమ్మేది దయ్యాల్ని. ఆ కుర్రాడికి కూడా ఇది మొదటి సినిమా. తెర మీద పడితే వాడి బతుకు దారిన పడుతుంది. పేరు మారిస్తే పని సులువుగా అయిపోతుంది.

అయితే పేరు మార్చి జనంలోకి వదిలితే, ఆ తల్లి లేచి వెళ్ళిపోయిన నడక ఏమవుతుంది? మార్చకుండా వదిలితే, తన కొడుకు చావును ఆమె ఒప్పుకోకముందే ఊరూరా టికెట్లు పెట్టి చాటించినట్టవుతుంది. ఇన్నాళ్ళ పనిలో సినిమా బాగుందా లేదా అన్నదొక్కటే నా ముందున్న ప్రశ్న. ఇది నా కొలతలకు అందలేదు. ఆ రాత్రి మా ఆవిడే దారి చెప్పింది.

"మీరూ నానూ సూసి ఏటి తేలుస్తాం? ఆ తల్లి సూసిందేటి?"

చూడలేదు. కుర్రాడికి చూపించే ధైర్యం లేదు. నేను ఫోనులో ఒకటే మాట చెప్పాను. మీ అమ్మ, మీ వదిన మా ఇంటికొచ్చి చూస్తే తప్ప ఓనరుకు నేను ఏ మాటా చెప్పనన్నాను. వాడు భయపడ్డాడు. దయ్యం సినిమాలు అన్ని చూసిన నాకూ, ఒక మనిషి నా ఇంటికి వస్తోందంటే భయమేసింది.

బుధవారం నాడు వచ్చారు. ఎర్రటి ఎండ. ఆటో దిగి, తల్లి గుమ్మం బయటే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగింది. పొట్టి మనిషి, తలమీద తట్ట మోసి మోసి మెడ కొంచెం కుంగింది. మా ఆవిడ చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం పెట్టింది. వెనకాల కోడలు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడింది.

"నువ్వేనా బాబూ, సినిమాలకి తీర్పు సెప్పీది?" అంది తల్లి.

"తీర్పేముందమ్మా, ఆడుతుందో ఆడదో చెబుతాను."

"అదే సెప్పు మరి" అని, నేల మీదే కూర్చుంది. కోడలు ఆమె వెనక్కి ఒదిగింది.

టీవీ మీద వెలుతురు పడకుండా తలుపు దగ్గరికి వేశాను. మొదట్లో తల్లికి సరదాగానే ఉంది. తెర మీద మనుషుల్ని పేరుపేరునా గుర్తుపట్టింది. "ఆ సీర నాదే. దానికిచ్చినాను, మరి తిరిగివ్వనేదు" అంది. మేక అడ్డొచ్చినప్పుడు నవ్వింది. తడిబట్టలతో కొడుకు వేషం గుమ్మంలోకి వస్తే మాత్రం మెడ సాచి చూసింది. ఆ వేషం వేసింది ఆమె చెల్లెలి కొడుకు.

"ఈడి నడక ఈడిదే. మావోడు ఇలగ నడవడు" అంది. "గుమ్మంలో నిలబడిపోడు. వచ్చీసి, ఏటొండినావని కుండల మూతలు తీసీస్తాడు."

కోడలు మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. కుర్రాడు తలుపు దగ్గర నిలబడి గోడకేసి చూస్తున్నాడు. మా ఆవిడ ఆరోజు చేట తెచ్చుకోలేదు.

చివరి సీను వచ్చింది. ఒడ్డున గడ్డిబొమ్మ, చుట్టూ జనం. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. నా చేతిలో రిమోటు ఉంది. ఆపేద్దామా అనుకునేలోగా ఆయన ఆ పేరు పిలిచేశాడు. తెర మీద తల్లి లేచి వెళ్ళిపోయింది. ఇక్కడ, నా ఇంట్లో, కూర్చున్న తల్లి కదల్లేదు.

"ఎనక్కి తిప్పు బాబూ" అంది.

తిప్పాను. మళ్ళీ ఆ పేరు వినిపించింది.

"ఇంకోసారి."

మళ్ళీ తిప్పాను. ఈసారి ముసలాయన పిలవకముందే ఆమె పెదాలు కదిలాయి. ఆయనతో పాటు తనూ ఆ పేరు పైకి అంది. ఎవరినో వీధిలోంచి ఇంట్లోకి పిలుస్తున్నట్టే అంది. అప్పుడు కోడలికి ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల ఏడుపు ఎప్పటినుంచి లోపలే ఉందో మరి.

తల్లి ఏడవలేదు. కొడుకు వైపు తిరిగింది.

"రెండేల్లయింది, ఈ పేరు నా సెవిని పడి. నా కాడ అంటే ఏడుస్తానని అందరూ దాసీసినారు. పెద్దోడంటారు, ఆడంటారు, పోనోడంటారు. మనిసిని సంద్రం తీసుకెల్లింది. పేరు మీరు తీసుకెల్లిపోనారు. ఆ ముసిలోడొక్కడే పిలిసినాడు. ఆడితోటే నాను మాటాడ్డం మానీసినాను."

కుర్రాడు వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు కోడల్నే చూసింది. తర్వాత మా ఆవిణ్ణి అడిగింది.

"అమ్మా, సెంబుతో నీల్లిప్పిస్తావా? తాగడానికి కాదు."

మా ఆవిడకు అర్థమైంది. మంగళవారం దయ్యం సినిమా పెట్టనివ్వని మనిషి. ఏమంటుందోనని ఆవిడ వైపు చూశాను. తల్లి కూడా అది గ్రహించినట్టుంది.

"పరాయింట్లో ఇలాటియి సెయ్యకూడదు. నాకు తెల్సు. మీకు ఇష్టం నేకపోతే వద్దు. గానీ ఇంటికెల్తే మరి నాను సెయ్యలేను తల్లీ. గుమ్మం సూసీసరికి, వస్తాడు, వస్తాడు అనిపిస్తాది."

"పరాయిల్లేటమ్మా" అంది మా ఆవిడ. అంతే అంది. రోజూ పూజకు వాడే రాగిచెంబు తోమి, నిండా నీళ్ళు పట్టి తెచ్చింది. తల్లి అందులో గుప్పెడు ఉప్పు వేయించుకుంది. "ఇక్కడ సంద్రం నేదు కదా" అంది.

పెరట్లోకి వెళ్ళాం. బట్టలుతికే బండ పక్కన ఆగి, సముద్రం ఏ వైపని నన్ను అడిగింది. చెయ్యి చాచి చూపించాను. అటు తిరిగి కొడుకు పేరు పిలిచి, దోసిట్లో నీళ్ళు తీసుకుంది. ఆ దోసిలి అలాగే పట్టుకుని నిలబడింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి గానీ, ఆమె మాత్రం వదల్లేదు. ఏం జరుగుతుందో మాకెవరికీ తెలియదు. అప్పుడు కోడలు ముందుకొచ్చి, అత్త చేతుల కింద తన చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి వదిలారు. తర్వాత కుర్రాడు వదిలాడు.

నేను ఎన్నో చావు సీన్లు చూసినవాణ్ణి. పెరట్లో ఆ పూట నేను వెక్కి వెక్కి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మళ్ళీ లోపలికి వచ్చాక తల్లి మొహం కడుక్కుని, పెద్ద పనేదో అయిపోయినట్టు మామూలుగా కూర్చుంది. మా ఆవిడ బలవంతాన నాలుగు ముద్దలు తినిపించింది. తింటూ తింటూ కొడుకుతో అంది.

"తాతకి సెప్పు, అయిపోనాదని. ఇంకో మాట. ఆ సీను మనింటిది. దాన్ని హాల్లో ఎయ్యకు. టికెట్టు కొన్నోలు ఈలలేస్తారు. ఆలకేటి తెల్సు?"

కుర్రాడు తలూపాడు.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. మరుసటి ఏడు ఆ పిల్లకు మారుమనువు జరిగింది. సంబంధం వెతికింది అత్తే. పెళ్ళి పీటల దగ్గర కన్నతల్లి పక్కన ఆమె కూడా నిలబడిందని విన్నాం. మా ఓనరుకు నేను, ఈ సినిమా మనకు కుదరదని చెప్పాను. ఎందుకని అడిగాడు. చివర లేదన్నాను. "మొన్న ఉందన్నావు కదా" అన్నాడు. ఉండేది, వాళ్ళింటికి తీసుకుపోయారన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఎండదెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, మరేమీ అడగలేదు. ఇంకో రెండేళ్ళు ఆ పనే చేసి మానేశాను. ఈమధ్య దయ్యం సినిమా వస్తే మా ఆవిడ ఛానెలు మార్చేస్తోంది.

ఆ సాయంత్రం వాళ్ళను బస్సెక్కించడానికి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్ళాను. అత్తాకోడళ్ళు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. కోడలు అత్త భుజం మీద తల వాల్చి అప్పుడే నిద్రపోయింది. కుర్రాడు కింద నా దగ్గరే నిలబడ్డాడు. వాడి మొదటి సినిమా ఆరోజు నా కళ్ళ ముందే పోయింది. ఆ సీను లేకపోతే అందులో ఏమీ మిగలదు. ఆ సంగతి వాడికి చెప్పకపోతే నా ఉద్యోగానికి అర్థం లేదు.

"ఒరే నాయనా, నిజం చెబుతున్నాను. ఆ సీను తీసేస్తే ఈ సినిమాను ఎవరూ తీసుకోరు. ఇంకో చివర ఏదైనా తీస్తావేమో ఆలోచించు. అప్పటిదాకా ఓనరును నేను ఆపుతాను."

డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. వాడు మెట్టు మీద కాలు పెట్టి, కిటికీలోంచి కనిపిస్తున్న ఆ ఇద్దరి వైపూ చూశాడు.

"వద్దు బాబాయ్" అన్నాడు. "సూడాల్సినోలు సూసీసినారు."